తెల్లబట్టకు మాత్రలిచ్చి పంపేస్తే సరిపోదు

పల్లెలోని పీహెచ్‌సీ అయినా పట్నంలోని నర్సింగ్‌హోమ్ అయినా, ఆడవాళ్ల ఓపీలో రోజూ వినిపించే బాధ తెల్లబట్ట. చెప్పుకోవడానికి సిగ్గుపడి నెలల తరబడి ఓర్చుకుని, దురదో దుర్వాసనో భరించలేనిదయ్యాక గానీ చాలామంది డాక్టరు దగ్గరికి రారు. అలా వచ్చినవారిలో ఎందరికో దొరికేది, పరీక్షించకుండానే రాసిచ్చే మాత్రలు. మరికొందరికి ‘ఇలాగే వదిలేస్తే క్యాన్సరవుతుంది, పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి తీయించేసుకో’ అన్న సలహా. మొదటిది అశ్రద్ధ, రెండోది అన్యాయం. యోనిలోని బ్యాక్టీరియా సమతూకానికీ, గర్భాశయ ముఖద్వారానికి సోకే హెచ్‌పీవీ వైరస్‌కూ ఉన్న సంబంధం గురించి గత రెండు దశాబ్దాల్లో తెలిసిన విషయాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ రెండు పద్ధతులూ నిలబడవు. తెల్లబట్ట బాధతో ఆస్పత్రి గడప తొక్కిన, ముప్ఫై ఏళ్లు నిండిన ప్రతి మహిళకూ, గడచిన ఐదేళ్లలో హెచ్‌పీవీ పరీక్ష జరగకపోయి ఉంటే, అదే రోజు ఆ పరీక్ష అందుబాటులో ఉండాలి.

తెల్లబట్ట అంతా జబ్బు కాదన్నది ముందుగా చెప్పాలి. నెలసరుల మధ్య రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు వాసనా దురదా లేని స్రావం సహజం. ఆరోగ్యవంతమైన యోనిలో సాధారణంగా లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాదే పైచేయి. అవి తయారుచేసే లాక్టిక్ ఆమ్లం వల్ల అక్కడి పీహెచ్ 4.5కు మించదు, ఆ పులుపులో హానికర సూక్ష్మజీవులు తేలిగ్గా బతకలేవు. ఏ కారణంగానైనా ఇవి తగ్గి, గార్డ్‌నెరెల్లా, ప్రెవొటెల్లా వంటివి గుంపులుగా పెరిగితే దాన్ని బ్యాక్టీరియల్ వజైనోసిస్ అంటారు. పల్చటి బూడిదరంగు స్రావం, కలయిక తర్వాత ఎక్కువయ్యే చేపల వాసన దాని గుర్తులు. ప్రపంచం మొత్తమ్మీద పిల్లల్ని కనే వయసులోని స్త్రీలలో సుమారు నాలుగో వంతు మందికి ఈ స్థితి ఉంటుందని అంచనా. అందులో దాదాపు సగం మందికి ఏ లక్షణమూ కనిపించదు. శుభ్రత తెలియని ఆడవాళ్లకే ఇది వస్తుందన్న మాట ఎంతోమందిని లోలోపల కుంగదీస్తోంది. నిజానికి లోపలి భాగాన్ని సబ్బులతో, సువాసన ద్రవాలతో కడుక్కునే అలవాటుకే దీనితో సంబంధం కనిపిస్తోంది. యోని తనను తాను శుభ్రం చేసుకుంటుంది. ఈ ఒక్క వాక్యం హైస్కూలు పాఠంలో ఉంటే ఎన్నో ఇళ్లలో ఎంతో బాధ తప్పేది.

ఇక హెచ్‌పీవీ సంగతి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలం ఈ వైరస్సేనని 1980లలో నిరూపించినందుకు జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. లైంగిక జీవితం ఉన్న స్త్రీ పురుషుల్లో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. మిగిలిన కొద్దిమందిలో అది తిష్ఠ వేస్తుంది, కణాలను మెల్లగా మారుస్తూ పదిహేను ఇరవై ఏళ్లకు క్యాన్సర్‌గా బయటపడుతుంది. కొందరిలోనే ఎందుకు పోకుండా మిగులుతుందన్న ప్రశ్నకు ఇమ్యూనిటీ లోపం, పొగాకు వంటి జవాబులు ముందే ఉన్నాయి. బ్యాక్టీరియా సమతూకం ఆ వరసలో కొత్తగా చేరింది. వజైనోసిస్‌లో పెరిగే కొన్ని బ్యాక్టీరియా సియాలిడేజ్ అనే ఎంజైమ్‌ను వదులుతాయి. ముఖద్వారాన్ని కప్పి ఉంచే జిగురు పొర దానివల్ల పల్చబడుతుంది, వైరస్‌కు కణాల దాకా దారి సులువవుతుంది. అక్కడ ఎడతెగని వాపు కూడా మొదలవుతుంది. అనేక దేశాల అధ్యయనాలను కలిపి లెక్కగట్టి 2011లో ప్రచురించిన విశ్లేషణ, వజైనోసిస్ ఉన్నవారిలో హెచ్‌పీవీ కూడా ఉండే అవకాశాలు దాదాపు ఒకటిన్నర రెట్లని తేల్చింది. ముఖద్వార కణాల్లో క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పుల విషయంలోనూ ఆ మరుసటి ఏడాది ఇంచుమించు అదే లెక్క వచ్చింది.

సంబంధం ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని ఎలా అంటారన్నది న్యాయమైన అభ్యంతరం. రెండూ లైంగిక జీవితంతో ముడిపడినవే కనుక అవి ఒకేచోట కనిపించడంలో వింత లేకపోవచ్చు. వైరస్సే ముందుగా వచ్చి బ్యాక్టీరియా సమతూకాన్ని చెడగొట్టి ఉండవచ్చు కూడా. మహిళలను కొన్నేళ్లపాటు వరసగా పరీక్షించిన అధ్యయనాల్లో, సమతూకం ముందే చెదిరినవారికి తర్వాత హెచ్‌పీవీ కొత్తగా సోకడం, సోకింది నిలిచిపోవడం కొంత ఎక్కువగా కనిపించాయి. కాబట్టి అనుమానం బలమైనదే, కానీ దాని పరిమాణం మోస్తరుది. ఒకటిన్నర రెట్లు అంటే పొగతాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు లాంటిది కాదు, దానికంటే ఎన్నో రెట్లు తక్కువ. వజైనోసిస్‌కు మందులు వాడితే ముఖద్వార క్యాన్సర్ తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. నేను కోరుతున్నది ఆ రుజువు మీద ఆధారపడింది కాదు. ముప్పు కొంచెం ఎక్కువున్న మహిళ తనంతట తానే నడిచి వచ్చి, లోపలి పరీక్షకు సిద్ధపడి మన ముందు కూర్చుంది. ఆ అవకాశాన్ని వదులుకోవడానికి కారణమేమిటి?

ఇలాంటి రాతలు ఆడవాళ్లను భయపెడతాయని కొందరు అంటారు. భయం ఇప్పటికే ఉంది, దాన్ని సొమ్ము చేసుకునేవారూ ఉన్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించినవారు దేశవ్యాప్తంగా 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఆపరేషన్‌కు కారణాలుగా చెప్పేవాటిలో అధిక రక్తస్రావం ముందుంటుంది, కానీ తెల్లబట్ట కూడా ఆ జాబితాలో ఉండటం సిగ్గుపడాల్సిన విషయం. ఏడు రోజుల మెట్రోనిడజోల్‌తో నయమయ్యే స్థితికి ముప్ఫై అయిదేళ్ల మనిషి కడుపు కోయడాన్ని వైద్యమని ఎలా అంటాం? అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసులోనే ఎముకలు పెళుసుబారడం, గుండెజబ్బు ముప్పు మొదలవుతాయి. అనవసర హిస్టరెక్టమీలపై (గర్భసంచి తొలగింపులపై) 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు మార్గదర్శకాల అమలును నిర్దేశించాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా పోయిందో తెలుస్తుంది. హెచ్‌పీవీ లేదని తేలిన మహిళకు రాబోయే కొన్నేళ్లలో ముఖద్వార క్యాన్సర్ వచ్చే అవకాశం అత్యల్పం. ఆ రిపోర్టు చేతిలో ఉంటే ‘క్యాన్సరవుతుంది’ అన్న బెదిరింపు ఆమె దగ్గర చెల్లదు. పరీక్ష జరగకపోవడమే భయానికి బలం.

ఆ పరీక్ష ఎంతమందికి జరుగుతోంది? 2019-21 సర్వేలో, 30-49 ఏళ్ల భారతీయ మహిళల్లో జీవితంలో ఒక్కసారైనా ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు 2 శాతం కూడా లేరు. ఏటా లక్షా ఇరవై వేలకు పైగా కొత్త కేసులు, డెబ్బై వేలకు పైగా మరణాలు నమోదయ్యే దేశంలో ఇదీ మన స్క్రీనింగ్. మహారాష్ట్రలో, ఒకప్పుడు నిజాం రాజ్యంలో భాగమైన ఉస్మానాబాద్ జిల్లాలో, అంటే నేటి ధారాశివ్‌లో, లక్షా ముప్ఫై వేల మందికి పైగా గ్రామీణ మహిళలతో జరిగిన పరిశోధన ఫలితాలు 2009లో వచ్చాయి. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష అందించిన గ్రామాల్లో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. పాప్ స్మియర్, వెనిగర్ వంటి ఆమ్లం పూసి కంటితో చూసే పద్ధతి ఆ పరిశోధనలో అంతటి ఫలితాన్ని ఇవ్వలేదు. పైగా స్రావం, వాపు ఉన్నప్పుడు ఆ రెండు పరీక్షలనూ సరిగ్గా చదవడం కష్టం. వైరస్ డీఎన్‌ఏను వెతికే పరీక్షకు ఆ ఇబ్బంది తక్కువ.

ఖర్చు మాటేమిటి, ల్యాబులెక్కడివి అని అడగవచ్చు. క్షయ కోసం, కోవిడ్ కాలంలోనూ ప్రభుత్వ ఆస్పత్రుల్లో పెట్టిన, గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రాలకు హెచ్‌పీవీ పరీక్ష చిప్ కూడా ఉంది. నమూనాను మహిళ తానే తీసి ఇవ్వవచ్చు. మేడ్చల్ చుట్టుపక్కల గ్రామాల్లో జరిగి 2009లో ప్రచురితమైన అధ్యయనం, అలా సొంతంగా తీసిన నమూనాలు ఈ పరీక్షకు పనికొస్తాయని చూపింది. మన ఊళ్లలోనే రుజువైన విషయం మన పీహెచ్‌సీలకు ఇన్నేళ్లయినా చేరకపోవడం బాధాకరం.

ఇక మందుల సంగతి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) మార్గదర్శకాల ప్రకారం సుఖవ్యాధుల క్లినిక్‌లలో తెల్లబట్టకు ఇచ్చేది ఆకుపచ్చ కిట్: ఒక మోతాదు సెక్నిడజోల్, ఒక ఫ్లూకొనజోల్. ప్రయోగశాల లేనిచోట బ్యాక్టీరియాకూ ఫంగస్‌కూ ఒకేసారి మందివ్వడం తెలివైన ఏర్పాటే, దాన్ని తప్పుపట్టను. చిక్కు ఏమిటంటే వజైనోసిస్ మొండిది. చికిత్స పొందినవారిలో సగానికి పైగా ఏడాదిలోపు మళ్లీ బాధపడతారు. ఆస్ట్రేలియాలో జరిగి 2025లో వెలువడిన పరిశోధన దీనికి ఒక కారణం చూపింది. భార్యతోపాటు భర్తకూ వారంపాటు మాత్రలు, పూత మందు వాడించిన జంటల్లో మూడు నెలల్లోపు జబ్బు తిరగబెట్టింది 35 శాతానికి. భార్యకు మాత్రమే చికిత్స చేసినప్పుడు అది 63 శాతం. అంటే ఓపీ గదిలోకి భర్తను కూడా పిలవాలి. ఇది సులువు కాదు. ‘నీకెలా వచ్చింది’ అన్న నింద మొదట భార్యమీదే పడుతుంది. హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చినప్పుడూ అంతే. హెచ్‌పీవీ శరీరంలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండగలదనీ, అది బయటపడటం ఎవరి నడవడికకూ సాక్ష్యం కాదనీ కౌన్సెలర్ ముందే, ఇద్దరికీ కలిపి చెప్పాలి.

ఇంకో జాగ్రత్త ఖమ్మం నేర్పింది. 2009లో అక్కడ బాలికలకు హెచ్‌పీవీ టీకా ఇచ్చిన ప్రాజెక్టు 2010లో ఆగిపోయింది. ఆ కాలంలో జరిగిన బాలికల మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ తేల్చినా, హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్ల చేత సంతకాలు తీసుకున్న తీరును పార్లమెంటరీ సంఘం 2013లో తీవ్రంగా ఆక్షేపించింది. ఆ అపనమ్మకం మూల్యం అక్కడి ఆడపిల్లలు చాలాకాలం చెల్లించారు. టార్గెట్లు నింపడం కోసం ఆశా కార్యకర్తలు నమూనాలు పోగేసే పరిస్థితి వస్తే హెచ్‌పీవీ పరీక్షకూ అదే గతి పడుతుంది. టీకా వచ్చేసింది కదా, ఇక ఈ పరీక్షలెందుకు అనేవారికి చెప్పాల్సింది ఒక్కటే: టీకా రేపటి మహిళలను కాపాడుతుంది, ఇప్పుడు ముప్ఫై, నలభైల్లో ఉన్న తల్లులను కాదు.

పరీక్ష మొదలుపెట్టేముందే తేల్చుకోవాల్సింది పాజిటివ్ వచ్చినవారి సంగతి. మారిన కణాలను వేడితో తొలగించే థర్మల్ అబ్లేషన్ పరికరం ఏ ఏరియా ఆస్పత్రిలో ఉంది, వారంలో ఏ రోజు చేస్తారు, కూలి పోగొట్టుకుని వచ్చే మనిషికి బస్సు చార్జీ ఎవరిస్తారు, రాకపోతే ఇంటికి వెళ్లి కనుక్కునే బాధ్యత ఏ ఏఎన్‌ఎంది, ఆ వివరం భర్తకో అత్తకో చేరకుండా ఎలా గోప్యంగా ఉంచుతారు? ఇవన్నీ జిల్లా వైద్యాధికారి సంతకంతో కాగితం మీదికి వచ్చిన తర్వాతే మొదటి నమూనా తీసుకోవాలి.