డూప్లికేట్ గుళ్ళు, ప్లేటో మంచం

శంషాబాద్ దగ్గర ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుల విగ్రహాన్ని 2022 ఫిబ్రవరిలో ఆవిష్కరించారు కదా, దాని చుట్టూ 108 దివ్యదేశాల నమూనా గుళ్ళున్నాయి. "అదంతా డూప్లికేటే, అసలు శ్రీరంగమే వెళ్ళొచ్చుగా" అనేవాళ్ళు మా ఆఫీసులో చాలామందే.

ఈ మాట ప్లేటో ఎప్పుడో అన్నాడు. ‘రిపబ్లిక్’ పదో భాగంలో మూడు మంచాలుంటాయి: దేవుడు చేసిన అసలుది, వడ్రంగి చేసినది, చిత్రకారుడు గీసినది. మన భాషలో క్లాసు, ఆబ్జెక్టు, స్క్రీన్‌షాటు అన్నమాట. స్క్రీన్‌షాటు మీద పడుకోలేం! కవులకీ ఇవే చీవాట్లు.

శిష్యుడు అరిస్టాటిల్ ఒప్పుకోలేదు. అనుకరణ మనిషికి పుట్టుకతో వచ్చిందే, పిల్లలు మొదట నేర్చుకునేది దానితోనే అన్నాడు. పైగా కవి ఉన్నదాన్నే కాదు, ఉందని చెప్పుకునేదాన్నీ, ఉండాల్సినదాన్నీ కూడా అనుకరించొచ్చట.

నా ఓటు శిష్యుడికే. ఆ 108లో క్షీరసాగరం, పరమపదం భూమ్మీద లేవు. వాటికి టికెట్ ఎక్కడ బుక్ చేస్తాం? ఆళ్వార్లు పాటల్లో కట్టిందే ఇక్కడ గుడిగా కట్టారు. మిగతా 106 అంటారా, మోకాళ్ళ నొప్పులతో అంత దూరం తిరగలేని పెద్దవాళ్ళని అడగండి. శ్రీరంగానికి బదులు అనుకుంటే నిరాశే. శ్రీరంగం గురించి ఒక పాఠం అనుకుంటే మాత్రం లాభమే.

మరి మీరేమంటారు?