పోలీసు రివాల్వరు: ఏది కొనదగినది?

మదనపల్లెనుండి మిత్రులొకరు మాకొక జాబు వ్రాసినారు. పాత పోలీసు వస్తువులను సేకరించుట వారికి వినోదము. ఇత్తడి బిళ్లలు, నడికట్లు, ఈలలు, లాంతర్లు వారి బీరువాలో ఇదివరకే చేరియున్నవి. ఒక రివాల్వరు మాత్రము కొరతగా నున్నదట. ఏది కొనవలెనని వారి ప్రశ్న. పుంగనూరునుండియు కుప్పమునుండియు ఇట్టి ప్రశ్నలే లోగడ వచ్చియున్నందున పత్రికాముఖముననే బదులు చెప్పుచున్నాము.

ఆయుధమును ఎన్నుకొనుటకు ముందు దానిని ధరించినవాని చరిత్రను ఎరుగవలయును. చెన్నరాజధానిలో పోలీసుశాఖ 1859వ సంవత్సరపు చట్టముచే ఏర్పడినది. దానికి మాదిరిగా గ్రహింపబడినది ఐర్లండులోని పోలీసుదళము. ఒక పరాధీనదేశమును అదుపులో నుంచుటకు కల్పించిన యంత్రమును మరియొక పరాధీనదేశమునకు దిగుమతి చేసినారన్నమాట. ఆ ఐరిషు పోలీసువారు 1868లో బర్మింగుహాము నగరమందలి వెబ్లీ కంపెనీవారి రివాల్వరును స్వీకరించిరి. నాటినుండి ఆ తరగతి తుపాకికి 'ఆర్. ఐ. సి.' అను పేరు స్థిరపడినది. అది పొట్టిది, గట్టిది. ప్రక్కనున్న చిన్న తలుపు తెరచి తూటాలను ఒక్కొక్కటిగా దూర్చవలయును. అటుపిమ్మట 1887లో ఆంగ్లసైన్యము స్వీకరించిన వెబ్లీ వేరువిధమైనది. పైనున్న గొళ్లెమును బొటనవ్రేలితో నొక్కినచో తుపాకి నడుము విరిగినట్లు ముందునకు వంగును. కాలిన డొల్లలారును ఒక్కసారిగా పైకి వచ్చును. 1932లో సైన్యమువారు .455 బోరును విడిచి తేలికయైన .380 బోరు ఎన్‌ఫీల్డును చేపట్టిరి. చలనచిత్రములలో తెల్లదొర నడుమున మనము చూచు రివాల్వరు సాధారణముగా ఈ వెబ్లీ, ఎన్‌ఫీల్డు కుటుంబములోనిదే. అమెరికావారి స్మిత్ అండ్ వెస్సన్, కోల్టు రివాల్వరులు మంచివే కాని, మన ఠాణాల చరిత్రలో వానికి చెప్పుకోదగిన స్థానము లేదు.

ఇచ్చట ఒక మాట. రివాల్వరు అధికారి నడుమునకు అలంకారము. సామాన్యుని వీపు ఎరిగినది కానిస్టేబులు చేతి లాఠీని. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి వరుసగా మూడుదినములలో గైకొన్న ఇరువదియారు తుపాకులును కానిస్టేబులు తుపాకులే. కనుక మా మిత్రుల బీరువాలో లాఠీ లేనిచో ముందుగా దానిని సంపాదింపుడని మా సలహా. దానికి లైసెన్సు అక్కరలేదు.

ఇక చట్టము. కంగుంది, పుంగనూరు పాలెగాండ్రేలిన ఈ సీమలో ఆయుధము పట్టుట ఒకనాడు వింత కాదు. 1878వ సంవత్సరపు ఆయుధచట్టము వచ్చిన పిదప యూరోపియనులకు మినహాయింపు, మనవారికి లైసెన్సు అను భేదము నిలిచెను. ఆంగ్లపాలనలోని దుష్కార్యములలో ఇంతకంటె ఘోరమైనది లేదని గాంధీజీ సైతము 1918లో నిందించిరి. స్వతంత్రభారతము 1959లో వేరు చట్టము చేసికొన్నది. జాతిభేదము పోయినది, లైసెన్సు నిలిచినది. ఇందుకు మాకు విచారము లేదు. మా మిత్రులకు మాత్రము రెండు చిక్కులు కలవు.

మొదటిది, 2019వ సంవత్సరపు సవరణచే ఒక్కొక్కరు ఉంచుకొనదగిన తుపాకులు మూడునుండి రెండునకు తగ్గినవి. వారి యింట తాతగారినాటి జంటగొట్టముల తుపాకి యొకటి లైసెన్సుతో నున్నది. ఇక మిగిలినది ఒక్క స్థానమే. రెండవది ఇంకను గట్టిది. .380, .455 తూటాలను పేల్చగల రివాల్వరులన్నియు నిషిద్ధాయుధముల పట్టికలో చేరియున్నవి. అనగా నిజముగా పోలీసు, సైనికాధికారులు ధరించిన వెబ్లీ, ఎన్‌ఫీల్డులు రెండును సామాన్యునకు అందవు. జిల్లా కలెక్టరుగారు ఇచ్చు లైసెన్సు వానికి చాలదు. (ఆయుధములు సేకరించువాడును కలెక్టరే, అనుమతి నిచ్చువాడును కలెక్టరే, ఇద్దరిలో ఎవరి మాట నెగ్గునో చెప్పనక్కరలేదు.) నిషిద్ధాయుధమును అనుమతి లేక ఉంచుకొన్నవానికి ఏడేండ్లకు తక్కువ కాని కారాగారవాసము, అది పదునాలుగేండ్లవరకు పోవచ్చును. పాత వస్తువు గదా యని ఎవరో గోనెసంచిలో తెచ్చి చూపిన దానిని ముట్టుకొనకుడు.

2020లో కేంద్రప్రభుత్వము నియమములను సవరించి, పురాతన వింతవస్తువులుగా పరిగణింపబడు చిన్నతుపాకులను కలిగియుండుటకు లైసెన్సు వలదనియు, పేల్చుటకుగాని మోసికొనిపోవుటకుగాని కావలయుననియు చెప్పినది. పాత 'ఆర్. ఐ. సి.' యొకటి దొరకినచో ఈ ద్వారము తెరచుకొనవచ్చును. అయినను అది ఆ కోవలోనిదే యని అధికారులచేత వ్రాయించుకొనిన పిమ్మటనే రూకలు చెల్లింపవలయును. నోటిమాట పనికిరాదు.

ఈ కారణములచేత మేము చెప్పునది .32 బోరు వెబ్లీ. నడుము వంగు ఆ పాత తీరే, నిషేధము లేదు. కాన్పూరు కర్మాగారమువారు చేయు .32 రివాల్వరు దీని సంతతిదే. అది క్రొత్తది గనుక వాడుకకు మంచిదేమో కాని, సేకరణకు చరిత్ర చాలదు. ప్రయివేటు దిగుమతులు 1980వ దశకము నడుమనే నిలిచిపోయినందున పాత వెబ్లీలకు ధర హెచ్చు. ధర హెచ్చుటచే మెరుగు పెట్టువారు కూడ హెచ్చిరి. వెండివలె తళతళలాడునది కనబడినచో దూరముగా నుండుడు. అరిగిన నలుపు, చట్రముపై చెదరని సంఖ్య, చక్రము కదలక నిలుచుట, మొదటి యజమానినుండి నేటివరకు తెగని లైసెన్సు కాగితములు, ఈ నాలుగింటిలో చివరిదే ప్రధానమని మా యభిప్రాయము.

ఎందుకన, 1928 డిసెంబరులో లాహోరున పోలీసు అధికారి సాండర్సును కాల్చిన భగత్ సింగు పిస్తోలు సంగతి చూడుడు. కోల్టు కంపెనీవారి ఆ .32 పిస్తోలు ఇందూరులోని సరిహద్దు భద్రతాదళము వారి ఆయుధశాలలో, నల్లరంగు పూతక్రింద, పదులకొలది యేండ్లు ఊరుపేరు లేక పడియుండెను. 2016లో పూత గీకి చూడగా కనబడిన సంఖ్య నాటి దస్తావేజులలోని సంఖ్యతో సరిపోయినది. అంతవరకు అది ఇనుపముక్క. కాగితమే దానిని భగత్ సింగు పిస్తోలుగా చేసినది.

కొనుటకు పోవువారికి మరియొక హెచ్చరిక. కుప్పము దాటినచో ఒకవైపు కర్ణాటకము, వేరొకవైపు తమిళనాడు. బెంగుళూరు అంగడిలో బేరము కుదిరెనని రైలెక్కుటకు ముందు లైసెన్సు ఏ ప్రాంతమువరకు చెల్లునో చదువుకొనుడు. ఆంధ్రప్రదేశమునకు మాత్రమే పరిమితమైన కాగితము మాలూరు స్టేషనులో రక్షింపదు.

మాకు అసలు బాధ వేరు. లైసెన్సుదారు చనిపోయిన పిమ్మట వారసులు అతని తుపాకిని చట్టప్రకారము ఠాణాలో అప్పగింతురు. ఎవరును తిరిగి అడుగకున్నచో అది ప్రభుత్వపరమగును. తుదకు వానిని ధ్వంసము చేయుట కలదు. ఇట్లు ఏ యింటి చరిత్ర ఏ కొలిమిలో కరగుచున్నదో చూచువారు లేరు. పోలీసుశాఖవారు ధ్వంసమునకు ముందు ఒక్కొక్క తరగతిలో ఒక్కొక్క దానిని వేరుచేసి, పేలకుండునట్లు చేసి, దాని సంఖ్యను చరిత్రను వ్రాసి, ప్రజలు చూచుటకు ఉంచరాదా? కుప్పమున 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయము కలదు. మదనపల్లెలో 1915నాటి బిసెంటు దివ్యజ్ఞాన కళాశాల కలదు. ఒక గది, ఒక గాజుబీరువా చాలును. మనకు ప్రయివేటుగా అందని .455 వెబ్లీని చూడదగిన చోటు అదియే. మా మిత్రులు కలెక్టరుగారికి తమ లైసెన్సు దరఖాస్తుతోపాటు ఈ మనవిని గూడ జతచేసి పంపవలయునని కోరుచున్నాము. పుంగనూరు, కుప్పము మిత్రులును సంతకములు చేయుదురుగాక.