ట్రంకు పెట్టెలో పట్టినన్ని పాటలు

బదిలీ ఉత్తర్వు చేతికి రాగానే మన ఇళ్లలో మొదట పుట్టే ప్రశ్న ఒక్కటే. ఏది తీసుకెళ్లాలి, ఏది వదిలేయాలి? మంచాలు, గ్యాసు స్టవ్వు లారీ ఎక్కుతాయి. పూల కుండీలు పక్కింటివాళ్లకు పోతాయి. పాత పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో చిన్న యుద్ధమే జరుగుతుంది. మీలో చాలామందికి ఈ సంగతి మేము చెప్పక్కర్లేదు. మూడో తరగతికే మూడు ఊళ్లు చూసినవాళ్లు మీరు.

మా సామానులో మాత్రం ప్రతిసారీ తప్పకుండా వచ్చే వస్తువు ఒకటుంది. అదొక కాసెట్. దాన్ని పెట్టుకుని వినడానికి కావలసిన టేప్ రికార్డరు పాడై చాలా ఏళ్లయింది. అయినా కాసెట్ మాతోనే తిరుగుతోంది. అట్ట మీద మా నాన్నగారి చేతిరాతతో ‘బాలు హిట్స్’ అని ఉంటుంది. బాలు అంటే ఎవరో తెలుసుగా? ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు.

మా చిన్నప్పుడు ఊళ్లో పాటలు రికార్డు చేసి ఇచ్చే షాపులు ఉండేవి. కావలసిన పాటల పేర్లు కాగితం మీద రాసి, ఖాళీ కాసెట్ కొనిస్తే, నాలుగు రోజుల తర్వాత పాటలు నింపి ఇచ్చేవారు. కాసెట్ నిడివి 60 నిమిషాలు. ఈ వైపు 30, ఆ వైపు 30. ఎంత సర్దినా పన్నెండు పద్నాలుగు పాటలకు మించి పట్టవు. ఆ కాగితం రాయడానికి మా ఇంట్లో ఒక ఆదివారమంతా పట్టింది. నాన్నగారికి ‘శంకరాభరణం’ పాటలు ఉండాలి. అమ్మకు ‘సాగర సంగమం’ కావాలి. పిల్లలమైన మాకు గంతులు వేయడానికి వీలైన పాటలు కావాలి. చివరికి అందరూ తలా కొంచెం తగ్గారు. షాపువాడు మాత్రం లెక్క తప్పాడు. ఆఖరి పాట రెండో చరణం మధ్యలో టేపు అయిపోయింది. ఇప్పటికీ ఆ పాట ఎక్కడైనా పూర్తిగా వినపడితే, ఆ చోటికి వచ్చేసరికి మా చెవి ఆగిపోతుంది. మిగతా సగం ఎవరో కొత్తగా కట్టిన పాటలా ఉంటుంది.

ఈ కాసెట్‌ను తలచుకున్నప్పుడల్లా మాకొక ఆలోచన వస్తుంది. ‘హిట్స్’ అనే మాటను మనం మరీ తేలిగ్గా నమ్మేస్తాం. బాలుగారు అన్ని భాషల్లోనూ కలిపి 40,000కు పైగా పాటలు పాడారని చెబుతారు. కాసెట్‌కు పన్నెండు చొప్పున వేసుకున్నా మూడు వేల కాసెట్లు దాటుతాయి. అందులోంచి ఒక్కటి తీసి ‘ఇదీ బాలు’ అంటే ఎలా? అది బాలు కాదు. ఆ ఆదివారం మా ఇల్లు. ఎవరు ఏరితే వారి మనసే అందులో కనిపిస్తుంది.

ఇది మాకు తెలిసివచ్చింది మా ఊళ్లో ఉండగా కాదు, బదిలీల్లోనే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మమ్మల్ని ఉత్తర కర్ణాటకకు వేశారు. స్టాఫ్ రూమ్‌లో బాలుగారి ప్రస్తావన వస్తే, ‘మా తెలుగాయన’ అని మేము కాలరు ఎగరేశాం. కన్నడం మాస్టారు నవ్వి, “మీ ఆయన కాదండీ, మా ఆయన” అన్నారు. గదగ్‌లో అంధుల కోసం సంగీతాశ్రమం నడిపిన పంచాక్షర గవాయి జీవితం మీద కన్నడంలో సినిమా వచ్చింది. హంసలేఖ సంగీతం. అందులో పాటకు 1995 సంవత్సరానికి బాలుగారికి జాతీయ పురస్కారం వచ్చింది. ఆ మాస్టారి దగ్గరున్న బాలు హిట్స్‌లో మేము విన్న పాట ఒక్కటీ లేదు. మా కాసెట్‌లో ఆయన విన్నదీ ఒక్కటి లేదు. ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు. 1966 డిసెంబరులో కోదండపాణిగారి సంగీతంలో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ కోసం బాలుగారు తొలి పాట పాడారు. వారం రోజులు తిరగ్గానే పాడిన రెండో పాట కన్నడ సినిమాకు. అంటే మన బాలుగారు మొదలుపెడుతూనే బదిలీ మీద వెళ్లారన్నమాట!

తర్వాత తమిళనాడు. అక్కడి వాళ్ల జాబితా 1969లో వచ్చిన ‘అడిమైప్పెణ్’తో మొదలవుతుంది. ఎం.జి.ఆర్. సినిమా. పాట పాడాల్సిన సమయానికి బాలుగారు జబ్బు పడితే, వేరే గాయకుడి చేత పాడించకుండా కోలుకునేదాకా ఎం.జి.ఆర్. ఆగారట. ఈ సంగతి బాలుగారే ఎన్నో వేదికల మీద చెప్పుకున్నారు. ఆ సినిమాకు సంగీతం కె.వి. మహదేవన్. పదేళ్ల తర్వాత మన ‘శంకరాభరణం’కూ ఆయనే. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని గాయకుడి చేత శంకరశాస్త్రి పాత్రకు పాడించి, జాతీయ పురస్కారం తెప్పించినవారు మహదేవన్, ఆయన సహాయకుడు పుహళేంది. మాకు తెలుగు సినిమాగా మాత్రమే తెలిసిన దాని వెనక ఎన్ని ఊళ్లవాళ్లు ఉన్నారో అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత మధ్యప్రదేశ్. అక్కడి పిల్లలకు బాలుగారంటే సల్మాన్ ఖాన్ గొంతు. 1989లో ‘మైనే ప్యార్ కియా’, 1994లో ‘హమ్ ఆప్కే హైఁ కౌన్’. “సర్, ఈయన తెలుగులో కూడా పాడారా?” అని ఒక పిల్లవాడు అడిగాడు. మొదట కోపం వచ్చింది. ఆలోచిస్తే వాడి తప్పేమీ లేదు. వాడి పెట్టెలో ఉన్న పాటలు అవి.

అక్కడ ఉండగానే ‘ఏక్ దూజే కే లియే’ కథ పిల్లలకు చెప్పాం. 1981లో వచ్చిన సినిమా. తెలుగులో వచ్చిన ‘మరో చరిత్ర’నే బాలచందర్ హిందీలో మళ్లీ తీశారు. రెండింటిలోనూ ఇరుగుపొరుగు ఇళ్లే, భాషలే వేరు. తెలుగులో తమిళ అబ్బాయి, విశాఖ తెలుగు అమ్మాయి. హిందీలో తమిళ అబ్బాయి, హిందీ అమ్మాయి. మన క్వార్టర్స్‌లో గోడకు అటూ ఇటూ ఉండే ఇళ్లలాగే. బాలుగారి హిందీలో దక్షిణాది యాస ఉందని సంగీత దర్శకులు లక్ష్మీకాంత్ ప్యారేలాల్ మొదట వెనకాడారట. కథానాయకుడే హిందీ రాని తమిళ కుర్రాడు, యాస ఉంటే ఉండనివ్వండి అని బాలచందర్ పట్టుబట్టారట. తీరా ఆ సినిమాకే బాలుగారికి హిందీలో జాతీయ పురస్కారం వచ్చింది. కొత్త బడిలో యాసను చూసి నవ్వితే నోరు మూసుకుని కూర్చునే పిల్లల్ని మేము చాలామందిని చూశాం. వాళ్లకు ఈ కథ చెప్పడం మాకు ఇష్టం. యాస ఉండటం లోపం కాదు. యాస ఉందని పాడటం మానేస్తే అది నష్టం.

ఇంతవరకు చెప్పింది వింటే మేము మొదటినుంచీ ఇంత విశాల హృదయులమని మీరు అనుకోవచ్చు. కాదు. ఒక తప్పు ఒప్పుకోవాలి.

ఇప్పటి బడికి రాకముందు, మా తెలుగు తరగతిలో ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. పుట్టింది ఒక రాష్ట్రంలో, నడక నేర్చింది ఇంకో రాష్ట్రంలో. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని చదవడం, రాయడం రాదు. వాళ్ల నాన్నగారు, “రెండేళ్లకోసారి బదిలీయే కదండీ, తెలుగు రాసి ఏం చేస్తుంది?” అన్నారు. ఆ అమ్మాయికి బాలుగారి పాటలంటే ప్రాణం. సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడు విని నేర్చుకుంది. ఒకరోజు దాని నోటుబుక్కు మా చేతికి వచ్చింది. ఇరవై తెలుగు పాటలు, మొత్తం హిందీ అక్షరాల్లో! మేము అందరి ముందూ, “తెలుగు పాటను ఇలాగేనా రాయడం?” అని గట్టిగా అనేశాం. ఆ పిల్ల నోటుబుక్కు తీసుకుని వెళ్లిపోయింది. తర్వాత పది రోజులు తరగతిలో పాడమంటే పాడలేదు.

ఆ పది రోజుల్లో మాకు బుద్ధి వచ్చింది. రాని భాషలో పాడే గాయకులు పాటను తమకు వచ్చిన లిపిలో రాసుకోవడం స్టూడియోల్లో మామూలే. పెద్ద పెద్ద గాయకులు చేసే పనే ఆ పిల్ల చేసింది. చేతిలో ఉన్న గిన్నెలోనే కదా ఎవరైనా నీళ్లు పట్టుకుంటారు. మేము గిన్నెను తిట్టాం, దాహాన్ని చూడలేదు.

ఆ అమ్మాయిని పిలిచి, తప్పు మాది అని చెప్పి, ఆ పుస్తకం మళ్లీ తెప్పించుకున్నాం. ఇద్దరం కూర్చుని చదివాం. అప్పుడొక తమాషా జరిగింది. బడిలో నేర్పే హిందీ అక్షరాల్లో మన ఎ, ఒ హ్రస్వాలకు చోటు లేదు. దాంతో ‘మెడ’ కాస్తా ‘మేడ’ అయింది. ‘కొన’ వెళ్లి ‘కోన’ అయింది. హారం వేసుకోవాల్సిన మెడ రెండంతస్తుల మేడగా మారేసరికి ఆ పిల్ల పకపకా నవ్వింది. నవ్వి, “అయితే సర్, ఇది తెలుగులోనే రాయాలి” అంది. మేము అనలేదు, తనే అంది. మూడు నెలల్లో ఇరవై పాటలూ తెలుగు అక్షరాల్లోకి ఎక్కాయి. ఆ ఏడు బదిలీ అయి వెళ్తూ వాళ్ల అమ్మమ్మగారికి మొదటి ఉత్తరం తెలుగులో రాసింది. అందులో గుణింతం తప్పులు ఉన్నాయి. ఉంటే ఏం?

అందుకే మా అభిప్రాయం ఇది. ఫోను ఏరి పెట్టే ‘టాప్ హిట్స్’ వినండి, తప్పులేదు. కాని దాంతో ఆగిపోవద్దు. ఎక్కువమంది విన్నదే అది మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. మీ అమ్మమ్మ ఏ పాట వింటూ పప్పు రుబ్బిందో దానికి తెలియదు. మీ జాబితా మీరే రాసుకోవాలి.

రాసేటప్పుడు ఇంకొక్క మాట. కాసెట్ అట్టల మీద గాయకుడి బొమ్మ పెద్దగా ఉండేది. పాట రాసినవారి పేరు చాలాసార్లు ఉండేదే కాదు. ఇప్పుడు ఫోన్లలోనూ అంతే. ఈ విషయంలో మనకు దారి చూపినవారు కూడా బాలుగారే. 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’ పాత భాగాలు చూడండి. పిల్లలు పాడే ముందు ఆ పాట ఎవరు రాశారు, ఎవరు స్వరపరిచారు అని చెప్పించేవారు. పిల్లలు ఒక అక్షరం జారవిడిచినా, మెల్లగా సరిదిద్దేవారు. మేము ఆ నోటుబుక్కు రోజున గుర్తుంచుకోవాల్సింది ఆ మెల్లదనమే.

2020 సెప్టెంబరు 25, శుక్రవారం. కరోనా కాలం. బాలుగారు చెన్నైలో కన్నుమూసిన సంగతి మధ్యాహ్నం తెలిసింది. ఆ సాయంత్రం మా ఫోను మోగుతూనే ఉంది. గదగ్ వైపు నుంచి కన్నడం మాస్టారు, తమిళనాడు నుంచి పాత సహోద్యోగులు, మధ్యప్రదేశ్‌లో “తెలుగులో కూడా పాడారా” అని అడిగిన పిల్లవాడు. ఎవరూ ‘మీ ఆయన పోయారు’ అనలేదు. అందరూ మనిషి పోయిన ఇంటివాళ్లలాగే మాట్లాడారు. ఒక్కొక్కరూ ఒక్కో పాట గుర్తు చేసుకున్నారు. ఆ రాత్రి మాకు తెలిసిన అసలైన హిట్స్ సంకలనం అదే. ఏ కంపెనీ వేయలేదు, ఏ అట్టా లేదు.

మీరు ప్రతి రెండు మూడేళ్లకు స్నేహితుల్ని వదిలి వస్తారు. అది కష్టమే. తేలిక మాటలు చెప్పి దాన్ని కప్పిపుచ్చం. కాని వదిలి వచ్చే ప్రతి ఊరి నుంచి ఒక పాట అడిగి తీసుకోండి. ఆ భాషలో, దాని అర్థంతో సహా. ఒడియా స్నేహితురాలిని అడగండి, మలయాళం అంకుల్‌ను అడగండి. మీ అక్షరాల్లోనే రాసుకోండి. బదులుగా ఒక తెలుగు పాట ఇచ్చి రండి. పుచ్చుకున్నదానికి ఇవ్వడం మన పద్ధతి. ఇవ్వాలంటే మన దగ్గర ముందు ఉండాలి కదా! అందుకే మొదటి పేజీలో తెలుగు పాట, తెలుగు అక్షరాల్లో రాయండి. మేడకూ మెడకూ తేడా తెలిసేలా.

పాత నోటుబుక్కు వెనక పేజీలు చాలు. లారీలో చోటేమీ అడగదు. రాసినవాళ్లు తెచ్చి చూపించండి. ఈసారి ఏ లిపిలో ఉన్నా మేము అరవం.