కొట్టే భర్తను వదిలి లారీ ఎక్కిన పాట: పాతికేళ్లలో ఏం మారింది?

ఎంటీవీ, ఛానల్ వీ మన ఇళ్లలోకి వచ్చిన కొత్తలో హిందీ పాప్ వీడియోల్లో చాలావాటికి ఒకటే లెక్క. అబ్బాయి పాడతాడు, అమ్మాయి సిగ్గుపడుతుంది, లేదంటే డాన్స్ చేస్తుంది. అలాంటి రోజుల్లో, 2000 సంవత్సరంలో, ఒక ఆడమనిషి లారీ స్టీరింగ్ పట్టుకుని తెర మీద కనిపించింది. పాట 'మన్ కే మంజీరే'. పాడింది శుభా ముద్గల్, రాసింది ప్రసూన్ జోషీ, సంగీతం శాంతను మొయిత్రా. వీడియోలో లారీ నడిపింది నటి మీతా వశిష్ఠ్. దారిలో మరికొందరు ఆడవాళ్లు కూడా ఎక్కుతారు, పాడుకుంటూ పోతారు.

ఈ పాట గుర్తున్నవాళ్లకు కూడా చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ పాత్రకు ఆధారం అహ్మదాబాద్‌కు చెందిన ఒక ముస్లిం మహిళ జీవితం. భర్త పెట్టే హింస నుంచి బయటపడి, డ్రైవింగ్‌ను బతుకుతెరువు చేసుకుంది ఆమె.

మన సినిమాల్లో ముస్లిం స్త్రీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ముజ్రా చేసే తవాయిఫ్, తలాక్ మాటకు కుప్పకూలే భార్య, కొడుకు కోసం జానమాజ్ మీద ఏడ్చే అమ్మీ. బండి నడిపి సంపాదించే మనిషి ఆ జాబితాలో లేదు. ఈ పాటలో ఉంది, కానీ ఆమె మతం గురించి ఒక్క మాట లేదు. అందువల్ల ఇంటి హింసను 'ముస్లింల సమస్య' అని ఎవరూ పక్కన పెట్టలేకపోయారు, అది మంచిదే. అయితే ఆ ధైర్యం ఎవరిదో కూడా జనానికి తెలియకుండా పోయింది.

ఈ ఆల్బమ్ వెనుక ఉన్నది మల్లికా దత్ స్థాపించిన 'బ్రేక్‌త్రూ' అనే మానవ హక్కుల సంస్థ. వాళ్లు కరపత్రాలు పంచి సభలు పెట్టి ఊరుకోవచ్చు. సభకు వచ్చేది ఎటూ ఒప్పుకున్నవాళ్లే. పాప్ పాట మాత్రం భోజనం చేస్తూ టీవీ చూసే ఇంటి మధ్యలోకి వస్తుంది, రిమోట్ పట్టుకున్న మగవాడి ముందుకీ వస్తుంది. పైగా ఇందులో ఏడుపు లేదు, ఉపన్యాసం లేదు. దెబ్బలు తిన్న మనిషిని జాలిగా కాకుండా హుషారుగా చూపించారు. 2001లో దీనికి ఉత్తమ మ్యూజిక్ వీడియోగా స్క్రీన్ అవార్డు కూడా వచ్చింది.

నిజానికి పాటలో మనసు విప్పడం మన ఆడవాళ్లకు కొత్త కాదు. హైదరాబాద్ షాదీల్లో ఢోలక్ కే గీత్ విన్నవాళ్లకు తెలుసు. అత్తను, ఆడబిడ్డను, మొగుడిని దక్కనీలో ఏకిపారేస్తారు, అందరూ నవ్వుతారు. మామూలు రోజున అదే మాట కోడలు అంటే ఇల్లు రెండవుతుంది. కాకపోతే ఆ పాట జనానా గదిలోనే పుట్టి అక్కడే ఆగిపోతుంది. 'మన్ కే మంజీరే' ఆ గది తలుపు తీసింది.

పాట వల్లే చట్టం వచ్చిందంటే అతిశయోక్తి. దాని కోసం మహిళా సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాయి. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. ఏ మతం వాళ్లకైనా వర్తిస్తుంది. ఇల్లు భర్త పేరునో మామ పేరునో ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఇస్తుంది. ఖర్చులకు డబ్బు ఇవ్వకపోవడం, ఆమె నగలు అమ్మేయడం కూడా హింస కిందికే వస్తాయి.

అయినా లెక్కలు చూస్తే గుండె జారుతుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం పెళ్లయిన ఆడవాళ్లలో భర్త హింసను ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొన్నవాళ్లు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ఇది అన్ని మతాల లెక్క. దెబ్బలు తిని వచ్చిన కూతురితో "సబర్ చెయ్ బేటీ, పిల్లల మొహం చూడు" అనే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. సబర్ చేయమని ఆమెకు చెప్పే పెద్దలు, చేయి దించమని అల్లుడికి చెప్పరెందుకు?

ఈ లోటు ఆ సంస్థకూ అర్థమైనట్టుంది. 2008లో వాళ్లు మొదలుపెట్టిన 'బెల్ బజావో' ప్రచారం బాధితురాలితో కాదు, పక్కింటి మగవాడితో మాట్లాడింది. గోడ అవతల కొడుతున్న చప్పుడు వింటే వెళ్లి బెల్ కొట్టు, ఏదో ఒక సాకు చెప్పు, చాలు.

పాటలో నాలుగైదు నిమిషాల్లో ఆమె రోడ్డెక్కేస్తుంది. బయట అంత తేలిక కాదు. లైసెన్సు, జీతం తర్వాత సంగతి, ముందు ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రం దారి చూపిస్తుంది. అక్కడ ఉండనిచ్చేది సాధారణంగా ఐదు రోజులు. ఆరో రోజు ఆమె వచ్చేది మైకా తలుపు దగ్గరికే.