నాలుగు పంక్తులు... ఓ బొమ్మ!

నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకున్న నాలుగు పంక్తులు... చాలా ఇళ్లలో ఉంటాయవి. అమ్మ మీదో, వదిలొచ్చిన ఊరి మీదో, దూరమైన స్నేహితుడి మీదో రాసుకున్నవి. పుస్తకం పాతపేపర్లతో పాటు వెళ్లిపోయిందా, వాటి కథ అంతే! అదే కవితను బొమ్మగా మలిచి గోడకు తగిలిస్తే ఇంటిల్లిపాదీ రోజూ చూస్తారు.

ఇదేమీ కొత్త సరదా కాదు. పద్యాన్ని పద్మంలా, చక్రంలా, ఖడ్గంలా, పాములా పరిచి మన కవులు ఏనాడో బంధకవిత్వం చెప్పారు. పద్మబంధంలో నడిమి అక్షరాన్ని ఒక్కసారే రాస్తారు. రేకు రేకుకీ దాన్నే కలుపుకొని చదువుతారు. నంద్యాల కృష్ణమరాజుకు 'కళాపూర్ణోదయం' అంకితమిచ్చిన పింగళి సూరన అయితే ముందు నుంచి తెలుగు, వెనక నుంచి సంస్కృతం అయ్యే పద్యమే అందులో పెట్టాడు. అదంతా పాండిత్యం. సొంత దిగులుకు బొమ్మ కట్టడం వేరే సంగతి.

ఫ్రెంచి కవి అపొలినేర్ ఆ పని చేశాడు. 1918లో వచ్చిన ఆయన 'కాలిగ్రామ్స్' సంపుటిలోని వాన కవితలో అక్షరాలే చినుకుల్లా పేజీ మీద ఏటవాలుగా జారుతుంటాయి. వేరే బొమ్మే లేదు! జపాన్ వాళ్ల 'హైగా'లో హైకూ, చిన్న కుంచె బొమ్మ ఒకే కాగితం మీద కలిసుంటాయి. 18వ శతాబ్దపు బుసోన్ రెండింట్లోనూ దిట్ట. కవిత చెప్పిందే బొమ్మ మళ్లీ చెప్పదు, అదే దాని అందం. తెలుగులో 1997లో ఎన్.గోపి మొదలుపెట్టిన నానీలు నాలుగు పంక్తులు, 20-25 అక్షరాలే. ఇలాంటి పనికి కొలిచినట్టు సరిపోతాయి.

సున్నిపెంటనే తీసుకోండి. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలం డ్యామ్ పనుల కోసం వచ్చినవాళ్లతో పెరిగిన ఊరు. క్వార్టర్లలో కాపురాలు చేసి, పనయ్యాక వెళ్లిపోయిన కుటుంబాలెన్నో. అక్కడ పెరిగిన అమ్మాయి డ్యామ్ పనిచేసిన నాన్న మీద నాలుగు పంక్తులు రాసుకుందనుకుందాం. గేట్లెత్తిన డ్యామ్ ఫొటో మీద కవిత వేద్దామనే ఎవరికైనా తోస్తుంది. కానీ ఆ తెల్లటి నురగలో అక్షరాలు కొట్టుకుపోతాయి. చివరికి మిగిలేది డ్యామే, నాన్న కాదు. దానికి బదులు కాగితం పైన ఒక్క అడ్డగీత గీస్తే అదే డ్యామ్. కింద నాలుగు పంక్తులూ నాలుగు ధారలై నిలువునా దిగితే చాలు. 'నాన్న' అన్న మాట దగ్గర కాస్త ఖాళీ వదిలితే చూసేవాళ్ల కన్నూ అక్కడ ఆగుతుంది.

నిలువుగా రాసేటప్పుడు ఒత్తునీ, గుణింతాన్నీ అక్షరం నుంచి విడదీయకూడదు. 'స్త్రీ' ఒక్క అక్షరమే! ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి అక్షరాల మధ్య ఎడం ఎక్కువ కావాలి. రంగులు రెండు మించొద్దు. ఆళ్లగడ్డ శిల్పులు ఉలి పట్టేముందు రాయి మీద గీతలు గీసుకున్నట్టే, ముందు పెన్సిల్‌తో లెక్క చూసుకోవాలి. కంప్యూటర్ ఫాంట్ కన్నా సొంత చేతిరాతే మేలు, వంకరగా ఉన్నా సరే. బాపు రాత ఫాంటయి నిలిచింది. ఇంట్లోవాళ్ల రాతకు ఆ యోగం ఉండదు. కాగితం మీదే దాన్ని దాచుకోవాలి.

మరో మాట. గోడకెక్కిన కవితను ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చదువుతారు. అందులో ఉన్న మనిషికి అది ఇష్టమేనా అని ముందే అడగాలి. నాన్న మొహమాటపడి వద్దన్నారా... పోస్టుకార్డంత సైజులో గీసి ఆయన చేతికే ఇవ్వొచ్చు. డైరీలో పెట్టుకుని, ఎవరూ లేనప్పుడు తీసి చూసుకుంటారు. ఒక్కరే చూసే బొమ్మ అయితేనేం, గీసింది ఆయన కోసమేగా!