ఫోటో తీసే ముందు ఒక మాట

కెమెరా భుజాన వేసుకొని మన పల్లెలకు వచ్చేవారు ఎక్కువైనారు. వారికి మన కరువు కావాలి, మన మగ్గం కావాలి, మన ముఠాకక్షలు కావాలి. రావద్దని ఎవరూ అనరు. కాని కెమెరా ఎదుట పడిన మనిషి ఎప్పటిలా ఉండలేడు. తీసేవారికి ఏమి కావాలో కనిపెట్టి అట్లే నిలబడతాడు. ఈ సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు.

ప్రొద్దుటూరు చేనేత వాడల్లో నేతగాడిని "పెద్దాయనా, నాడె అట్లే పట్టుకో, ఇటు చూడు" అంటారు. వెలుతురు చాలలేదని అరగంట మగ్గం ఆపిస్తారు. చీర లెక్కన కూలి తీసుకునే మనిషికి ఆ నష్టం ఎవరిస్తారు? పులివెందుల వైపు వస్తే, చీనీతోటకు నీళ్ళు కట్టుకునే రైతును మీసం మెలివేయమంటారు. ఫోటోలో ఆయన ఫ్యాక్షనిస్టు అవుతాడు.

ఇది ఈనాటిది కాదు. 1876-78 నాటి ధాత కరువులో మన కడప జిల్లా కూడా అల్లాడింది. ఆనాడు మద్రాసు సైన్యంలోని హూపర్ అనే దొర, ఎముకల గూళ్ళయిన జనాన్ని గుంపుగా కూర్చుండబెట్టి ఫోటోలు తీశాడు. ఆ కరువుకు నేటికీ అవే సాక్ష్యం. కాని అందులో కూర్చున్నవారు ఎవరో, ఏ ఊరివారో మనకు తెలియదు.

ఒకరిని అననేల? 2020లో గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచినపుడు తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ చేయవలసి వచ్చింది. ఆ రోజుల్లోనే జమ్మలమడుగు వైపు ఒక ముంపు పల్లెలో ఒక అవ్వను కూలిన గోడ ప్రక్కన నిలబెట్టి నేనే ఫోటో తీశాను. అంతవరకు సామాను సర్దుకుంటున్న అవ్వ, కెమెరా చూడగానే కొంగు కళ్ళకద్దుకుంది. "ఇది ఎత్తుకపోతే దుడ్లు బిరీన వస్తాయా నాయనా?" అని అడిగింది. రావని చెప్పడానికి నాకు నోరాడలేదు.

ఫోటోలు వద్దనడం లేదు. మన కష్టం నలుగురికి తెలియాలంటే అవి కావలసిందే. అయితే తీసేవారు తామెవరో, ఫోటో ఎక్కడికి పోతుందో ముందే చెప్పాలి. సర్కారు సహాయానికి, దీనికి సంబంధం లేదని చెప్పాలి. వద్దంటే కెమెరా మూయాలి. ఆపించిన పనికి కూలి ఇవ్వాలి. ఒక కాపీ తెచ్చి వారి చేతికివ్వాలి. మనవాళ్ళు కూడా "ఎవరు నాయనా నువ్వు, ఎందుకిది?" అని జంకు లేకుండా అడగాలి.

ఆ అవ్వ ఇప్పుడు పునరావాస కాలనీలో ఉందట. ఆమె ఫోటో ఇంకా నా దగ్గరనే ఉంది. ఈ వారంలో తీసుకొనిపోయి, ఆనాడు చెప్పలేని మాట కూడా చెప్పి రావాలి.