మండపీతల పెంపకం: పిల్లల లభ్యతే ప్రథమ ప్రశ్న

అనకాపల్లి జిల్లా పాయకరావుపేట మండలంలో తాండవ నది సముద్రంలో కలిసే పెంటకోట వంటి తీరగ్రామాలకు మండపీతల పెంపకాన్ని సూచించే ముందు, విస్తరణ శాస్త్రవేత్తలు ఒక ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉంది. చెరువులో వదలే పీత పిల్లలు ఎక్కడి నుండి రావాలి?

గుడ్లతో ఉన్న తల్లిపీత సముద్రానికి వెళ్లి లార్వాలను విడుస్తుంది. పిల్లలు తిరిగి వచ్చి మొగలలోను, మడ అడవులలోను పెరుగుతాయి. వాటిని ఏరి చెరువులు నింపితే, వేటపైనే బ్రతికే మత్స్యకారుని రేపటి రాబడి నేడే తరిగిపోతుంది. చెరువు గలవాని లాభం చెరువు లేనివాని నష్టంగా పరిణమిస్తుంది. పైగా గుల్ల విడిచిన పీతను తోటి పీతలు తినివేయుట వలన, వదలిన పిల్లలలో చాలా భాగం దక్కదు.

తమిళనాడులోని తొడువాయి వద్ద రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం హేచరీలో పిల్లలను ఉత్పత్తి చేసి మార్గం చూపింది. కావున చెరువుల పెంపకాన్ని హేచరీ పిల్లల సరఫరాతో ముడిపెట్టాలి. చెరువు లేని కుటుంబాలకు, వేటలో దొరికిన పెద్ద గుల్లపీతలను పెట్టెలలో 3, 4 వారాలు మేపి కండ పట్టించే పద్ధతిని ముందుగా నేర్పాలి. మడను ఖాళీ చేసే పెంపకం ఎంత లాభదాయకమైనా విస్తరణకు అర్హం కాదు.